ఇందూరు సీమలో ఎత్తైన కట్టడములు

దూరమునుండి వచ్చే బాటసారికి ఏ ఊరిలోనైనా మొట్టమొదట కంటబడేది అక్కడ అన్నిటికంటె ఎత్తుగా నిలిచిన కట్టడము. ఒక ఊరికి అది గాలిగోపురము, ఒక ఊరికి బురుజు, మరియొక ఊరికి ఫ్యాక్టరీ పొగగొట్టము. దానిని చూచి ఆ ఊరిలో మాట ఎవరిది చెల్లుతున్నదో, కూడు ఎక్కడినుండి వస్తున్నదో చాలవరకు పోల్చుకొనవచ్చును. నిజామాబాదు పట్టణము, దానికి పడమట బోధన్ చెరకు సీమ, ఈశాన్యమున ఆర్మూరును దాటిన పిమ్మట వేల్పూర్ మొదలైన పసుపు పండించే గ్రామములు, ఈ నేలమీద నూరేండ్లకు పైగా ఎత్తైన కట్టడము మారుతూ వచ్చినది. అది ఎందుకు మారినది, మారినప్పుడు పాతది ఏమైనది అన్న రెండు ప్రశ్నలను మాత్రమే ఈ ప్రసంగములో తీసుకొంటున్నాను.

నిజామాబాదునకు పూర్వపు పేరు ఇందూరు. ఇంద్రుడను రాష్ట్రకూట ప్రభువు పేర వెలసిన ఊరని పెద్దలు చెప్పుదురు. 1905లో నిజాము ప్రభుత్వము జిల్లాలను తిరిగి ఏర్పరచినప్పుడు ఇందూరు జిల్లా నిజామాబాదు జిల్లా అయినది. పేరు మారినది గాని గుట్ట మారలేదు. ఊరిని ఆనుకొని ఉన్న ఆ గుట్టమీద కోట ఉన్నది. కోటలో రఘునాథుని ఆలయము ఉన్నది. క్రింద రఘునాథ చెరువు. తరతరములుగా ఇందూరుకు వచ్చే మనిషికి మొదట కనిపించినది ఈ గుట్టమీది గోడలే.

ఆ గోడల చరిత్ర చిత్రమైనది. కోటగా పుట్టినవి నిజాము కాలమునకు చెరసాల అయినవి. 1948లో కవి దాశరథి కృష్ణమాచార్యులు ఆ చెరసాలలోనే బందీగా ఉన్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి తోడి ఖైదీ. కాగితము, కలము దొరకని చోట దాశరథి బొగ్గుముక్కతో గోడమీద పద్యములు వ్రాసిన సంగతి తెలుగువారందరు ఎరిగినదే. తరువాత కాలములో చెరసాల అక్కడినుండి తరలిపోయినది. నేడు ఆ గోడలను చూచుటకు యాత్రికులు వస్తున్నారు, దేవుని దర్శనమునకు భక్తులు వస్తున్నారు. సైనికునికి, ఖైదీకి, కవికి, భక్తునికి అవే రాళ్లు నీడనిచ్చినవి. ఒకరికి పనికిరాని నాడు మరియొకరికి పనికి వచ్చినవి. ఆ కోట నేటికి నిలిచి ఉండుటకు రాతి బలమెంత కారణమో, ఈ పని మారుటయు అంత కారణమని నా అభిప్రాయము. ముందుకు పోయిన కొలది ఈ మాట మనకు మరల అవసరమగును.

పట్టణములో కోట ఎట్లో పల్లెలో గడీ, బురుజు అట్లు. దేశముఖుల గడీ కంటె ఎత్తుగా మేడ కట్టుటకు ఊరిలో మరియొకరికి ధైర్యము చాలేది కాదని ఈ ప్రాంతపు వృద్ధులు చెప్పుదురు. చట్టము వ్రాసి పెట్టనక్కరలేదు. ఎత్తు ఎవరికి తగునో అందరికి తెలిసే ఉండేది. సిర్నాపల్లి సంస్థానమును ఏలిన రాణి జానకీబాయి పేరు ఇప్పటికి జానకంపేటలో నిలిచి ఉన్నది. దోమకొండ కోట సంగతి వేరు. అది 2016 నుండి కామారెడ్డి జిల్లాలో చేరినదైనను మొదట మన నిజామాబాదు జిల్లాలోనిదే. శిథిలమగుచుండిన ఆ కోటను ఏండ్ల తరబడి శ్రమించి బాగుచేయగా 2022లో దానికి ఆసియా, పసిఫిక్ దేశముల వారసత్వ పరిరక్షణకు యునెస్కో ఇచ్చే పురస్కారము వచ్చినది. తక్కిన గడీలలో అనేకములకు ఆ అదృష్టము పట్టలేదు. కొన్ని బడులైనవి, కొన్ని ఆఫీసులైనవి, కొన్ని మర్రి మొలకల పాలైనవి. గడీ కూలినందుకు ఊరివారిలో అనేకులు కంటతడి పెట్టకపోవుట సహజమే. ఆ గోడలకు వెట్టిచాకిరి చేసినవారు వారి తాతలు.

ఇక ఎత్తు లేని ఇండ్ల మాట. ఆ ఇండ్లనే నేను ఎక్కువగా తలచుకొంటాను. ఇందూరులో పెద్దబజారు, గాజులపేట, బ్రహ్మపురి, కోటగల్లి వంటి పాతవాడలలోను, చుట్టుపట్టు పల్లెలలోను కలిగినవారు కట్టుకొన్నది భవంతి ఇల్లు. నడుమ ఆకాశమునకు తెరచిన వాకిలి, చుట్టు టేకు గుంజలు, వాటిపై దూలములు, వాసములు, పైన గూనపెంకులు. ముందర బరువైన దర్వాజ, దర్వాజకు ఇరువైపుల అరుగులు. గోడలు రెండు అడుగుల మందము. సున్నమును ఇసుకతో కలిపి గానుగలో ఎద్దులచేత త్రొక్కించి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు పోసి మెత్తగా నూరిన దానిని డంగుసున్నమనేవారు. చెరకు సీమలో గోడకు సహితము బెల్లము తినిపించినారని నవ్వవచ్చును గాని, ఆ పూత ఆరుటకు నెలలు పట్టేది, ఆరిన తరువాత తరములు నిలిచేది. వైశాఖమాసపు ఎండలో ఆ ఇంటిలోనికి అడుగు పెట్టినవానికి చెట్టు నీడకు వచ్చినట్లుండేది.

ఆ ఇంటిలోని కష్టము కూడ చెప్పవలెను. ఏటేట వానలకు ముందు పైకెక్కి పెంకులు తిప్పించవలెను. పగిలినవి మార్చవలెను. చెదలు పట్టిన వాసమును తీసివేయవలెను. ఆ పని తెలిసిన మనుషులు ఊరిలో ఉన్నంతకాలము అది పెద్ద భారము కాలేదు. ఇంటి సొంతదారునకు ఏటేట కొంత ఖర్చు, పనివానికి ఏటేట కొంత కూలి. ఆ ఒప్పందము మీదనే ఇల్లు నిలిచినది.

ఈ రూపమును మొదట కదలించినది రైలు. సికిందరాబాదునుండి మన్మాడునకు గోదావరీ లోయ గుండ మీటరు గేజి మార్గము వేసినప్పుడు ఇందూరు రైలు ఊరయినది. ఊరి ముఖము గుట్టనుండి స్టేషను వైపునకు తిరిగినది. గింజల వర్తకులు, గిడ్డంగులు, సరాయిలు స్టేషను బాటలో వెలసినవి. అయినను ఎత్తు ఇంకను గుట్టదే.

దానిని నిజముగా మార్చినది నీరు. మంజీరా నదికి అడ్డముగా అచ్చంపేట వద్ద 1923లో మొదలుపెట్టిన నిజాంసాగరము 1931లో పూర్తి అయినది. నిర్మాణమును నడిపినవారు ప్రసిద్ధ ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్. రెండు లక్షల డెబ్బదియైదు వేల ఎకరములకు నీరివ్వవలెనని దాని లక్ష్యము. కాలువ పారిన వెంటనే ఆ నీటిని వాడుకొనుట తెలిసిన రైతులు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుండి వచ్చి వర్ని, బోధన్, బాన్సువాడ ప్రాంతములలో భూములు కొని స్థిరపడినారు. వారి ఊళ్లకు క్యాంపులని పేరు. నేటికి ఆ సీమలో గ్రామనామముల చివర ఆ మాట తగిలించి ఉన్నది. పాత తెలంగాణపు పల్లె బురుజు చుట్టు గుంపుగా పెరిగితే, క్యాంపు కాలువ గట్టు ననుసరించి తిన్నని బాటలతో పెరిగినది. బురుజు లేని మొదటి ఊళ్లు ఇవే అని చెప్పవచ్చును.

నీరు వచ్చినది, చెరకు వచ్చినది, చెరకు వెంట ఫ్యాక్టరీ వచ్చినది. బోధన్ వద్ద 1937లో నిజాము చక్కెర ఫ్యాక్టరీ స్థాపితమైనది. ఆ స్థలమునకు శక్కర్‌నగర్ అని పేరు పెట్టినారు. జానకంపేటనుండి బోధనుకు చీలిన రైలు కొమ్మ ఈ సీమకు వెన్నెముక అయినది. ఒక కాలమున ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీలలో అది ఒకటిగా పేరు పొందినది. ఆ నాటినుండి బోధన్ సీమలో ఎత్తైన కట్టడము పొగగొట్టము. గడీని చూచి తల వంచిన రైతు పొగగొట్టమును చూచి తల ఎత్తినాడు. పొగ లేచినదంటే గానుగాట మొదలైనదని అర్థము. బండ్ల వరుసలు బాటల మీదికి వచ్చేవి. ఎద్దుల గంటల చప్పుడు రాత్రి తెల్లవార్లు వినిపించేది. గాలిలో చెరకుమడ్డి వాసన. ఆ వాసన బయటివారికి దుర్గంధము, ఆ ఊరివారికి జీతము.

శక్కర్‌నగర్‌లోని క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, చెట్ల వరుసలు ఈ సీమకు క్రొత్త పాఠము నేర్పినవి. ఇల్లు వాస్తు ప్రకారమే గాక కొలత ప్రకారము కూడ కట్టవచ్చునని, వీధికి మురుగుకాలువ ముందు, ఇల్లు తరువాత అని జనము అక్కడ చూచినారు. బోధన్ పట్టణములో చాలమంది మేస్త్రీలు పని నేర్చినది ఆ కాలనీ గోడల మీదనే అంటే అతిశయోక్తి కాదు.

తరువాతి కథ మీలో చాలమందికి తెలిసినదే. ప్రభుత్వపు చేతిలోనుండి 2002లో ఫ్యాక్టరీ యాజమాన్యములో అధిక భాగము ప్రైవేటు సంస్థకు పోయినది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి గేట్లు మూసినారు. దానిని తెరిపించు మార్గము పరిశీలించుటకు 2024లో రాష్ట్రప్రభుత్వము ఒక సంఘమును నియమించినది. ఇక్కడ నేను రాజకీయ చర్చకు పోను. కట్టడముల మాట మాత్రము చెప్పుతాను. ఇందూరు కోటకు నాలుగు పనులు దొరికినవి కనుక నిలిచినది. శక్కర్‌నగర్‌ను ఒకే పని కొరకు కట్టినారు. ఆ పని ఆగిననాడు బడి, బజారు, ఆసుపత్రి, పార్కు అన్నియు ఒక్కసారిగా నీరసించినవి. చెరకు లేని చోట పొగగొట్టము ఎంత ఎత్తైననేమి? రైతు వరి వేసినాడు, కార్మికుడు వలస పోయినాడు. పాతికేండ్ల వయసున ఆ గేటులో అడుగు పెట్టి, తన కొడుకును కూడ అందులోనే చేర్చవచ్చునని నమ్మి ఇల్లు కట్టుకొన్నవానికి కలిగిన నష్టమును ఏ లెక్కల పుస్తకములోను వ్రాయలేదు.

ఇటు నిజామాబాదు పట్టణములో ఎత్తు చాలకాలము పెరగలేదు. సిమెంటు మీద ప్రభుత్వపు అదుపు ఉండిన రోజులలో పది బస్తాలకు సహితము పర్మిటు కావలెను. 1982లో ఆ అదుపు సగము, 1989లో పూర్తిగా తొలగినది. గోదావరి దిగువన మంచిర్యాల, బసంతనగరములలో సిమెంటు ఫ్యాక్టరీలు చేరువగానే ఉన్నవి. ఇంక కావలసినది డబ్బు. అది సముద్రము మీదుగా వచ్చినది. 1973 తరువాత గల్ఫు దేశములలో చమురు ధర పెరిగి అక్కడ కట్టుబడి పనులు విస్తరించగా, కరీంనగరము, నిజామాబాదు జిల్లాలనుండి వేలాది యువకులు తాపీలు, తట్టలు పట్టుకొని వెళ్లినారు. దుబాయిలో మేడలు లేపిన చేతులు పంపిన పైకముతోనే ఆర్మూరు, వేల్పూరు పల్లెలలో స్లాబులు లేచినవి. ఈ పల్లెలలో ఎత్తైన ఇల్లు ఎవరిదని అడుగక్కరలేదు. చమురు దేశమునకు పోయి వచ్చిన వానిది, లేదా పసుపు ధర మంచిగా పలికిన ఏట పంట అమ్మిన వానిది. గడీ కంటె ఎత్తుగా కట్టరాదన్న భయమును తీసివేసినది ఈ ధనమే. అందుకు నేను సంతోషిస్తాను.

పట్టణము 2005లో కార్పొరేషను అయినది. 2011 జనగణన నాటికి జనసంఖ్య 3 లక్షల 11 వేలు. మీటరు గేజి పట్టాలు పోయి బ్రాడ్ గేజి వచ్చినది. 2017లో పెద్దపల్లినుండి కరీంనగరము, ఆర్మూరు మీదుగా వచ్చే రైలు మార్గము కలిసినది. ఖలీల్‌వాడిలో వైద్యుల బోర్డులు గోడలను కప్పివేసినవి. 2013లో వైద్య కళాశాల, 2022 సెప్టెంబరులో ఊరి అంచున క్రొత్త కలెక్టరేటు, 2023లో ఐటీ టవరు. ఇవి గాక సెల్‌ఫోను స్తంభములు, నీళ్ల ట్యాంకులు, అపార్టుమెంట్లు, ఫంక్షను హాళ్లు. మన ఆకాశవాణి కేంద్రపు స్తంభము కూడ వీటిలో ఒకటి, దానిని మరచిపోరాదు. గుట్టమీది కోట ఇప్పుడు కొన్ని వీధులనుండి కనబడదు. అడ్డముగా ఎవరిదో నాలుగవ అంతస్తు నిలిచి ఉన్నది.

మేడలు వచ్చినందుకు నాకు విచారము లేదు. నేను విచారించేది అరుగును గురించి. బాటలు వెడల్పు చేసినప్పుడు మొట్టమొదట పోయినది అరుగు. దాని స్థానములో ఇనుప షటరు వచ్చినది. అరుగు ఇంటివానిదే గాని దానిమీద కూర్చొనుటకు ఎవరినీ అడుగనక్కరలేదు. ఎండకు సొమ్మసిల్లిన కూరగాయలమ్మ అక్కడ గంప దించేది. బడిపిల్లవాడు అక్కడ పలకతో కూర్చొనేవాడు. ముసలి తాత అక్కడినుండి వీధినంతటిని కాపు కాసేవాడు. షటరు పగలు అంగడివానిది, రాత్రి తాళముది. వీధికి దానివలన కూర్చొను చోటు లేదు. బాట వెడల్పు కావలసినదే, బండ్లు తిరుగవలసినదే. అయితే క్రొత్త కట్టడమునకు అనుమతి ఇచ్చేటప్పుడు ముందర నీడగల మూడడుగుల వసారా విడువవలెనని పురపాలకులు ఒక్క షరతు పెట్టియున్నచో ఎంత బాగుండెడిది! వానలో, ఎండలో బాటసారి అంగళ్ల క్రిందుగా నడచిపోయే వరండాలు పాత బజారులెన్నింటికో ఉండేవి. అది మనకు తెలియని విద్య కాదు.

పల్లెలలో గూనపెంకు పోవుటకు కారణము గొప్పకు పోవుట ఒక్కటే కాదు. కోతులు! అడవిలో ఆహారము తరిగి కోతులు ఊళ్ల మీద పడినవి. ఒక పూటలో అవి విరిచే పెంకులను ఏడాది పొడుగున మార్చినను తీరదు. పెంకు తిప్పే పనివాడు దుబాయి పోయినాడు. పెంకు చేసే కుమ్మరి ఆవము ఆర్పివేసినాడు. ఇక ఇంటివాడు స్లాబు వేయక ఏమి చేయగలడు? అందుచేత పాత ఇల్లు పడగొట్టినవానిని నిందించుటకు నాకు నోరు రాదు. అయితే స్లాబు క్రింద వేసవి రాత్రి నిద్ర పట్టదన్నది అనుభవించినవారికే తెలియును. పగలంతయు మింగిన వేడిని స్లాబు రాత్రి కక్కుతుంది. దానిని చల్లార్చుటకు కూలరు, కూలరుకు కరెంటు, కరెంటుకు బిల్లు. డంగుసున్నపు గోడ ఉచితముగా చేసిన పనికి ఇప్పుడు నెలనెల వెల చెల్లిస్తున్నాము. స్లాబుపైన సున్నము పూత వేసిననో, పెంకులు పరచిననో వేడి కొంత తగ్గునని ఇంజనీర్లు చెప్పుచున్నారు. చవకైన ఉపాయము. గల్ఫునుండి వచ్చిన మేస్త్రీలకు ఇది తెలియనిది కాదు, ఇంటివారు అడుగవలెను.

పాత భవంతులలో టేకు గుంజలు, చెక్కడపు దర్వాజలు ఇప్పుడు విప్పి అమ్ముతున్నారు. నగరములలో హోటళ్లవారు వాటిని కొని అలంకారముగా నిలుపుకొంటున్నారట. అమ్మేవారిని ఆపుట మన తరము కాకపోవచ్చును. కాని విప్పుటకు ముందు ఇంటి కొలతలు తీసి, పటము గీసి, నాలుగు ఛాయాచిత్రములు తీసి ఉంచుటకు పెద్ద ఖర్చు లేదు. తిలక్ గార్డెనులో 2001లో తెరచిన పురావస్తు ప్రదర్శనశాల ఉన్నది. అందులో పూర్వరాజుల కాలపు శిల్పములకు చోటు ఉన్నట్లే, మన తాతలు నివసించిన ఇంటి పటమునకు ఒక గోడ కేటాయించవచ్చును. మన కళాశాలల విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క ఇంటిని కొలిచినను ఒక ఏడాదిలో పాతవాడల చిత్రమంతయు చేతికి వచ్చును.

శక్కర్‌నగర్ విషయములో ఆలస్యము ఇంకను ప్రమాదము. ఫ్యాక్టరీ మరల తిరిగితే అంతకంటె కావలసినదేమున్నది. తిరిగినను తిరుగకున్నను ఆ కాలనీ చెట్లు, ఆ బడి, ఆ ఆసుపత్రి చక్కెర మీదనే ఆధారపడి ఉండనక్కరలేదు. వాటికి రెండవ పని వెదకవలెను. పైకప్పు కారుట మొదలైన కట్టడమునకు నాలుగు వానకాలములు చాలును. ఆ తరువాత బాగుచేయుట కంటె క్రొత్తది కట్టుట చవకని గుత్తేదారు చెప్పును, అందరు తల ఊపుదురు.

వేల్పూరులో, దాని చుట్టుపట్టు గ్రామములలో మాఘ ఫాల్గుణములలో పసుపు ఉడికించి ఎండబోసే కళ్లములు ఇప్పటికి ఉన్నవి. ఈ మండలములోని పడగల్ వద్ద సుగంధ ద్రవ్యముల పార్కు వెలసినది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా మొదలైనది. బహుశా ఇక ముందు ఈ సీమలో ఎత్తైన కట్టడము పసుపు గిడ్డంగి కావచ్చును. అది ఎట్లున్నను, ఇప్పటికి వేల్పూరు వీధిలో నిలిచి పైకి చూచినవారికి కనిపించేది స్లాబుల మీద ఆకాశములోనికి పొడుచుకొని వచ్చిన ఇనుప చువ్వలు. ప్రతి మూడవ ఇంటిమీద స్తంభములను సగములో ఆపి చువ్వలు విడిచినారు. కొందరు తుప్పు పట్టకుండ వాటికి సిమెంటు పాలు పూసినారు, కొందరు ఖాళీ సీసాలు బోర్లించినారు. పై అంతస్తు కొడుకు తిరిగి వచ్చిన తరువాత కట్టుకొనుటకట. క్రింది అంతస్తులో ముసలి దంపతులిద్దరు ఉంటారు. పొద్దు వాలిన తరువాత రేడియో పెట్టుకొని వాకిట మంచమువేసుకొని కూర్చుంటారు.